కడగని రీలుకి తొందర లేదు

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నది వెనక వరసల వాళ్లకి కనపడకపోవచ్చు, అందుకని మాటల్లో చెబుతాను. ఇదొక 620 రీలు, అంటే పాత కెమెరాల్లో వేసే, కాగితంతో కలిపి చుట్టిన ఒక సైజు ఫోటో ఫిల్మ్. బొటనవేలంత పొడుగు, దాదాపు అంతే లావు. పైన చుట్టిన కాగితం పసుపు రంగుది, అంచుల్లో బాగా వెలిసిపోయింది. చివర అంటించిన సన్నటి పట్టీ మాత్రం ఇంకా ఊడలేదు. దాని మీద ‘ఎక్స్‌పోజ్డ్’ అని అచ్చు వేసి ఉంది. అంటే ఎవరో దీన్ని కెమెరాలో వేసి, ఉన్న ఫోటోలన్నీ తీసేసి, రీలు బయటికి తీసి, పట్టీకి ఉన్న జిగురుని నాలికతో తడిపి అంటించి, రేపు కడిగిద్దాంలే అని సొరుగులో పడేశారు. ఆ రేపు రాలేదు. యాభై ఏళ్లు దాటిపోయింది.

ఇలాంటివి నా దగ్గరికి తెచ్చేవాళ్లు అందరూ ఒకటే అడుగుతారు. ‘ఫోటోలు వస్తాయా?’ అని. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా దానికి నా దగ్గర ముందే చెప్పగలిగే జవాబు లేదు. కానీ ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఈ రీలు యాభై ఏళ్లు ఆగింది, ఇంకో రెండు వారాలు ఆగితే దానికేమీ కాదు. పాడయ్యేది ఆ ఆగడంలో కాదు, మనం చూడాలని ఆత్రపడి తెరిచే ఆ పది నిమిషాల్లో. ఈ పూట నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు అసలు లోపల ఏముందో చూద్దాం. ఫిల్మ్ అంటే జెలటిన్ పూతలో ఇరుక్కుని ఉన్న కోట్లాది వెండి లవణపు స్ఫటికాలు. షట్టర్ తెరుచుకుని మూసుకునే ఆ యాభయ్యో వంతు సెకనులో వాటి మీద వెలుతురు పడుతుంది. వెలుతురు పడిన స్ఫటికంలో కొన్ని వెండి అయాన్లు లోహపు వెండిగా మారి ఒక చోట గుంపు కడతాయి. ఎన్ని? నాలుగు పరమాణువులు కూడితే దాదాపు చాలు. 1938లో గర్నీ, మాట్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు ఇది ఎలా జరుగుతుందో వివరించారు. నాలుగంటే నాలుగు పరమాణువులు. ఏ సూక్ష్మదర్శినిలో పెట్టి చూసినా అక్కడ బొమ్మ కనపడదు. డెవలపర్, అంటే ఫిల్మ్ కడిగే మందు, తగలగానే ఆ చిన్న చుక్క దగ్గర మొదలై స్ఫటికం మొత్తం నల్లటి వెండిగా మారిపోతుంది. అంటే వెలుతురు చేసిన పనిని డెవలపర్ వంద కోట్ల రెట్ల దాకా పెంచుతుందన్నమాట. గడ్డివాముకి నిప్పురవ్వ ఎంతో, స్ఫటికానికి ఆ చుక్క అంత.

ఇప్పుడు కాలం ఏం చేస్తుందో ఊహించండి. గాలిలోని తేమ, ఆక్సిజన్ ఆ చుక్కని కొద్దికొద్దిగా తినేస్తాయి. నాలుగు పరమాణువులు ఉన్న చోట మూడో, రెండో మిగిలితే డెవలపర్‌కి ఆ స్ఫటికం వెలుతురు చూసినట్టే తెలియదు. అందుకే పాత రీళ్లలో ముందుగా పోయేవి నీడలో ఉన్న వివరాలు. చెట్టు కింద నిలబడ్డ మనిషి మొహం పోతుంది, వెనకున్న తెల్లటి గోడ మిగులుతుంది. ఇదొక నష్టం. రెండో నష్టం దీనికి ఎదురు దిశలో జరుగుతుంది. అసలు వెలుతురే చూడని స్ఫటికాల్లో కూడా వేడి వల్ల, గాలిలోని వాయువుల వల్ల, నేలలోంచీ ఆకాశంలోంచీ నిరంతరం వచ్చే రేడియేషన్ వల్ల అలాంటి చుక్కలే పుడతాయి. వాటిని కూడా డెవలపర్ నల్లగా మార్చేస్తుంది. దీన్నే మేం ఫాగ్ అంటాం. గోడ మీద రాసిన రాత ఒకపక్క వెలిసిపోతుంటే, ఇంకోపక్క గోడే మాసిపోతున్నట్టు. ఆ రెండిటి మధ్యా మిగిలిన తేడాయే మన ఫోటో.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. చాలామంది తలకిందులుగా అనుకుంటారు కాబట్టి చెబుతున్నాను. ఎంత పాతదైతే అంత కష్టం అని లేదు. ఎక్కువ స్పీడు ఉన్న ఫిల్మ్‌లో, అంటే తక్కువ వెలుతురుకే స్పందించే ఫిల్మ్‌లో, స్ఫటికాలు పెద్దవి, అవి ఫాగ్‌కి త్వరగా లొంగుతాయి. అందుకని 1950ల నాటి నెమ్మది ఫిల్మ్ నుంచి చక్కటి బొమ్మలు వచ్చి, దానికంటే నలభై ఏళ్లు చిన్నదైన 1600 స్పీడు రీలు మొత్తం బూడిదరంగుగా రావడం నేను చూశాను. రీలు వయసు కంటే అది ఏ ఫిల్మ్, ఎక్కడ పడి ఉంది అన్నది ముఖ్యం.

ఎక్కడ పడి ఉంది అన్నదానికి చరిత్రలో అన్నిటికంటే పెద్ద ఉదాహరణ ఒకటుంది. 1897 జులైలో సాలమన్ ఆగస్ట్ ఆండ్రే, నీల్స్ స్ట్రిండ్‌బెర్గ్, క్నూట్ ఫ్రెంకెల్ అనే ముగ్గురు స్వీడన్ దేశస్థులు హైడ్రోజన్ బెలూన్‌లో ఉత్తర ధ్రువం చేరాలని స్వాల్‌బార్డ్ దీవుల నుంచి ఎగిరారు. మూడు రోజులు తిరక్కుండానే బెలూన్ మంచు మీద కూలింది. ముగ్గురూ నెలల తరబడి మంచులో నడిచి, క్విటోయా అనే దీవి చేరి, అక్కడే చనిపోయారు. వాళ్లు ఏమైపోయారో 33 ఏళ్ల పాటు ఎవరికీ తెలియలేదు. 1930లో ఒక నార్వే ఓడ ఆ దీవికి వెళ్లినప్పుడు వాళ్ల గుడారపు అవశేషాలు దొరికాయి. వాటితో పాటు, నీళ్లు చొరబడని డబ్బాల్లో స్ట్రిండ్‌బెర్గ్ తీసిన ఫిల్మ్ కూడా దొరికింది. స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జాన్ హెర్ట్స్‌బెర్గ్ అనే ఆయన చేతికి ఆ ఫిల్మ్ వచ్చింది. మొత్తం 240 ఫ్రేములు ఉండొచ్చని లెక్క. ఆయన అందులో 93 నిలబెట్టాడు.

ఆ 93లో ఒకటి మీలో కొందరు చూసే ఉంటారు. మంచు మీద పక్కకి ఒరిగి పడిపోయిన పెద్ద బెలూన్. దాని ముందు ఇద్దరు మనుషులు, దాన్నే చూస్తూ నిలబడి ఉన్నారు. మొహాలు తెలియవు. ఫోటో నిండా మరకలు, చుక్కలు, గీతలు. ఆ మరకలు 33 ఏళ్ల తేమవి. నేను ఆ ఫోటో చూసిన ప్రతిసారీ హెర్ట్స్‌బెర్గ్ చేతుల గురించే ఆలోచిస్తాను.  ఒక్క రీలు డెవలపర్‌లో ఒక నిమిషం ఎక్కువ ఉంచినా, తడి జెలటిన్‌ని ఒక్కసారి గట్టిగా పట్టుకున్నా, ఆ ముగ్గురి చివరి నెలల గురించి లోకానికి డైరీల్లోని మాటలు తప్ప బొమ్మలు మిగిలేవి కావు. అక్కడి చలి ఆయనకి సాయం చేసింది. చలిలో రసాయన చర్యలన్నీ నెమ్మదిస్తాయి, రీలు లోపల జరిగే నష్టం కూడా.

ఇలాంటి ఇంకో రీలు కోసం పర్వతారోహకులు ఇంకా ఎదురుచూస్తున్నారు. 1924 జూన్‌లో ఎవరెస్ట్ మీద కనుమరుగైన జార్జ్ మాలరీ దగ్గర, తోటి ఆరోహకుడు హోవర్డ్ సోమర్‌వెల్ ఇచ్చిన చిన్న కొడాక్ కెమెరా ఉండేది. 1999లో మాలరీ దేహం దొరికింది, కెమెరా దొరకలేదు. 2024లో ఆయనతో వెళ్లిన శాండీ ఇర్విన్ పాదం, బూటుతో సహా దొరికింది. కెమెరా అప్పుడూ లేదు. ఒకవేళ దొరికితే వాళ్లు శిఖరం ఎక్కారో లేదో ఆ ఫిల్మ్ చెప్పే అవకాశం ఉంది. కెమెరా దొరికినవాళ్లు దాన్ని అక్కడ తెరవకూడదు, వెచ్చబడనివ్వకూడదు, గడ్డకట్టిన స్థితిలోనే ల్యాబ్‌కి చేర్చాలి. మీ ఇంట్లో అటక మీద దొరికిన బాక్స్ కెమెరాకి కూడా నేను చెప్పే మొదటి మాట అదే. తెరవొద్దు.

కెమెరా దొరికితే లోపల ఏముందో చూడాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. 35 ఎంఎం కెమెరా అయితే ఫిల్మ్‌ని వెనక్కి చుట్టే రివైండ్ నాబ్‌ని సవ్యదిశలో మెల్లగా తిప్పి చూడండి. బిగువుగా ఉంటే లోపల రీలు ఉన్నట్టే, అక్కడితో ఆపేయండి. ఇంకా లాగితే ఎండిపోయిన ఫిల్మ్ పటుక్కున తెగుతుంది. పాత రోల్ ఫిల్మ్ కెమెరాలకి వెనక చిన్న ఎర్ర కిటికీ ఉంటుంది. అందులో అంకె కనపడితే లోపల రీలు ఉంది. ఆ కిటికీ మీద నల్ల టేపు వేసి, ఆ అంకె ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎనిమిది ఫోటోల రీల్లో 5 కనిపిస్తే అయిదో ఫోటో దగ్గర ఆగిపోయారన్నమాట, మిగిలిన మూడు ఖాళీ. తర్వాత చీకట్లో కత్తెర పట్టుకున్నప్పుడు ఈ ఒక్క అంకె ఎంత పనికొస్తుందో చెప్పలేను.

ఇక ఇంటర్నెట్‌లో కనిపించే ఒక సలహా గురించి. ‘పాత ఫిల్మ్‌కి దశాబ్దానికి ఒక స్టాప్ చొప్పున ఎక్కువ ఇవ్వాలి’ అంటారు. ఒక స్టాప్ అంటే వెలుతురుని రెట్టింపు చేయడం. అది ఇంకా ఫోటోలు తీయని, గడువు తీరిన ఫిల్మ్‌కి. దాన్ని కెమెరాలో వేసి ఎక్కువ వెలుతురు ఇవ్వమని దాని అర్థం. మనం మాట్లాడుకునే రీళ్లకి వెలుతురు ఇవ్వడం ఎప్పుడో అయిపోయింది. ఈ సలహాని తప్పుగా అన్వయించి, ‘ఎక్కువ ఇవ్వాలంట కదా’ అని డెవలపర్‌లో రెట్టింపు సేపు ఉంచేస్తారు. అలా ఉంచితే బొమ్మ కొంచెం పెరుగుతుంది, ఫాగ్ అంతకు మించి పెరుగుతుంది. రీలు బొగ్గులా బయటికొస్తుంది.

రీలు ఏదో గుర్తుపట్టడం దగ్గర నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. చెప్పకపోతే ఈ మాటలకి విలువ లేదు. కొడాక్ వాళ్లు 1931లో వెరిక్రోమ్ అనే ఫిల్మ్ తెచ్చారు. అది ఎరుపు రంగు వెలుతురుని గుర్తించదు, కాబట్టి డార్క్‌రూమ్‌లో ఎర్ర లైటు వేసుకుని, కళ్లతో చూస్తూ కడగొచ్చు. 1956లో దాని స్థానంలో వెరిక్రోమ్ పాన్ వచ్చింది. పేరులో తేడా ‘పాన్’ ఒక్కటే. కానీ అది అన్ని రంగులనీ చూస్తుంది, ఎరుపుతో సహా. ఒకావిడ నాకు ఒక రీలు తెచ్చి ఇచ్చారు. ఆవిడ చిన్నప్పుడే వాళ్ల అమ్మగారు పోయారు, అమ్మగారు ఉన్న ఫోటోలు ఇంట్లో ఒక్కటీ లేవు. ఈ రీల్లో ఉండొచ్చని వాళ్ల పెద్దవాళ్లు చెప్పారట. నేను కాగితం చివర చూశాను. వెరిక్రోమ్ అని కనిపించింది. ఆ పక్క మాట అంటించిన పట్టీ కింద మడతలో ఉండిపోయింది. ఆ మడత విప్పి చూడటానికి పట్టే సమయం అర నిమిషం. ఆ సాయంత్రం నాకు ఇంకో పని ఉంది, తొందరలో ఉన్నాను. ఎర్ర లైటు వేసి రీలు విప్పాను. డెవలపర్‌లో ముంచిన కాసేపటికే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఫిల్మ్ నల్లగా మారిపోవడం నా కళ్ల ముందే జరిగింది. కాగితం తీసి చూస్తే మడత కింద ‘పాన్’ ఉంది.

ఇందులో నాకు ఇంకా బాధ కలిగించే విషయం ఏంటంటే, వెరిక్రోమ్ పాన్ పాత రీళ్లలో అన్నిటికంటే నమ్మదగినది. దశాబ్దాల తర్వాత కూడా బొమ్మని నిలుపుకునే ఫిల్మ్ అని ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు. ఆ రీల్లో ఫోటోలు ఉండే ఉంటాయి. ఆవిడకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పట్నుంచీ ఏ రీలు వచ్చినా, పగటి వెలుగులో భూతద్దం పెట్టి, కాగితం మీదున్న ప్రతి అక్షరం రాసుకుంటాను. అది అయ్యాక ఆ రోజు రీలు ముట్టుకోను. మర్నాడు తీస్తాను.

ఇక చీకటి గదిలోకి వెళ్దాం. పూర్తి చీకటి అంటే అయిదు నిమిషాలు కూర్చున్నా తలుపు సందు కూడా తెలియనంత. రీలు, కత్తెర, ట్రేలు ఏ వరసలో ఉన్నాయో ముందే చేత్తో తడిమి అలవాటు చేసుకోవాలి. పట్టీ తెంపి కాగితం విప్పడం మొదలుపెడతాను. మొదట అంతా కాగితమే. మెత్తగా, కాస్త పొడి రాలుతూ ఉంటుంది. ఒక చోట కాగితం కింద ఇంకేదో ఉన్నట్టు వేలికి తగులుతుంది. నున్నగా, చల్లగా, గట్టిగా. అదే ఫిల్మ్ చివర. దాన్ని వదిలితే స్ప్రింగులా లోపలికి చుట్టుకుపోతుంది, ఇన్నేళ్లు అలా చుట్టుకుని ఉండి దానికి అదే అలవాటు. అంచులు మాత్రమే పట్టుకుని, కాగితాన్ని ఒక పక్కకి, ఫిల్మ్‌ని ఒక పక్కకి నెమ్మదిగా పోనివ్వాలి. ఎక్కడైనా రెండూ అంటుకుని కదలకపోతే లాగొద్దు. లాగితే జెలటిన్ కాగితంతో వచ్చేస్తుంది, బొమ్మ దాంతోనే పోతుంది. అలాంటప్పుడు మొత్తం చల్లటి నీళ్లలో ముంచి, అది దానంతట అది వదిలే దాకా ఉండాలి. చిట్టచివర, ఇరుసు దగ్గర ఫిల్మ్‌ని కాగితానికి అంటించిన టేపు ఉంటుంది. దాన్ని పీకొద్దు. ఎండిన జిగురు ఒక్కసారిగా ఊడితే నీలం రంగు మెరుపు వస్తుంది. చీకట్లో కంటికి కనపడుతుంది, ఫిల్మ్ కూడా దాన్ని చూస్తుంది. టేపు పక్కగా కత్తెరతో కత్తిరించేయడమే మేలు.

ఇప్పుడు అసలైన పని. టెస్ట్ ముక్క. రీలు మొత్తం ఒకేసారి డెవలపర్‌లో వేయకూడదు. ఒక చివర నుంచి రెండు సెంటీమీటర్ల ముక్క కత్తిరించి, ముందు దాన్ని కడిగి చూడాలి. ఇక్కడే చాలామందికి మనసొప్పదు. ఒక ఫోటోలో కొంత పోతుంది కదా అని. పోతుంది, నిజమే. కానీ ఆలోచించండి. చుట్ట విప్పినప్పుడు ముందుగా చేతికి వచ్చేది బయటి పొర, అంటే ఆఖరి ఫోటో. తేమ, వేడి, కాస్త లీకైన వెలుతురు, అన్నీ దానికే ముందు తగిలాయి. రీల్లో ఎక్కువగా దెబ్బతినేది అదే. దాని అంచు త్యాగం చేస్తే మిగతా ఏడు దక్కే దారి తెలుస్తుంది. పైగా ముక్కలో కనిపించిన దానికంటే లోపలి ఫోటోలు మెరుగ్గా ఉంటాయని ఆశ పెట్టుకోవచ్చు. 35 ఎంఎం రీలుకైతే ఈ బాధ లేదు. కెమెరాలో వేసేటప్పుడు బయట ఉండిపోయిన నాలుక లాంటి ముక్క ఎలాగూ వెలుతురు చూసిందే. దాన్ని కడిగితే వెలుతురు తగిలిన చోట ఎంత నలుపు వస్తుందో ఉచితంగా తెలుస్తుంది. దాని పక్కన వెలుతురు చూడని కొంచెం ముక్క కూడా కలిపి కత్తిరిస్తే ఫాగ్ ఎంతో తెలుస్తుంది.

డెవలపర్ ఏది వాడాలన్న దాని మీద ఈ పనిలో ఉన్నవాళ్లు గంటలు గంటలు వాదించుకుంటారు. నేను ఎక్కువగా హెచ్‌సి-110 వాడతాను, ఒక పాలు మందుకి 31 పాళ్లు నీళ్లు, 20 డిగ్రీలు. ఫాగ్ తక్కువగా తెస్తుందని దానికి మంచి పేరుంది, నా చేతుల్లోనూ అలాగే పనిచేసింది. ఘాటైన డెవలపర్‌లో తక్కువ సేపు ఉంచడం, పల్చటి దాంట్లో చాలాసేపు ఉంచడం కంటే మేలు. మొదటి ముక్క అయిదు నిమిషాలు. చాలకపోతే రెండోది ఏడు.

బెంజోట్రయజోల్ అనే మందు కలిపితే ఫాగ్ తగ్గుతుందని మీరు చదివి ఉంటారు. తగ్గుతుంది. కానీ ఆ మందుకి ఫాగ్ చుక్కకీ, బొమ్మ చుక్కకీ తేడా తెలియదు. రెండూ వెండి చుక్కలే. బలహీనమైన చుక్కలన్నిటినీ అది ఆపేస్తుంది. వెలిసిపోయిన నీడల్లో ఉన్న మీ తాతగారి కళ్లు కూడా బలహీనమైన చుక్కలే. అందుకని ముక్క కడిగి చూడకుండా నేను ఆ సీసా మూత తీయను. ఇంకో సంగతి, ఇవాళ మన చేతిలో స్కానర్ ఉంది. పాతకాలంలో ప్రింట్ వేయాలంటే నెగెటివ్ పల్చగా, శుభ్రంగా ఉండాలి. స్కానర్‌కి అంత అక్కర్లేదు. ఫిల్మ్ మొత్తం ముదురు బూడిదరంగులో ఉన్నా, ఫాగ్‌కీ బొమ్మకీ మధ్య రవ్వంత తేడా ఉంటే చాలు, ఆ తేడాని పట్టి లాగొచ్చు. నెగెటివ్ అందంగా లేదని దిగులు పడకండి. తేడా ఉందా లేదా అన్నదే చూడండి.

ముక్కలో దారి తెలిశాక మిగతా రీలు. పాత ఫిల్మ్‌ని, కడిగే డబ్బాలో ఫిల్మ్‌ని చుట్టి ఉంచే ప్లాస్టిక్ స్పైరల్‌లోకి ఎక్కించడం చాలా కష్టం. నేను దాని జోలికి పోను. పాత పద్ధతిలో, రెండు చివర్లూ రెండు చేతులతో పట్టుకుని, ట్రేలో ఉన్న ద్రవంలో ఉయ్యాలలా ఇటూ అటూ నడిపిస్తాను. ముందు నీళ్లలో కొన్ని నిమిషాలు, తర్వాత డెవలపర్, తర్వాత దాని పనిని ఆపే స్టాప్ బాత్, తర్వాత మిగిలిన వెండి లవణాన్ని కరిగించేసే హైపో. అన్నిటి వేడీ ఒకటే ఉండాలి, ఒక డిగ్రీ తేడా కూడా రానివ్వను. పాత జెలటిన్ తడిస్తే చాలా మెత్తబడుతుంది. చల్లటి దాంట్లోంచి వెచ్చటి దాంట్లోకి మారితే ఎండిన చెరువులా పగుళ్లు దేలుతుంది, అవి మళ్లీ పోవు. గోరు తగిలినా గీత పడుతుంది. హైపోలో ఫిల్మ్ పాలరంగు పోయి తేటపడటానికి ఎంతసేపు పట్టిందో చూసుకుని, అంతకి రెట్టింపు సేపు ఉంచండి. తర్వాత బాగా నీళ్లలో కడగడం, దుమ్ము లేని చోట బరువు కట్టి వేలాడదీయడం. ఇది మామూలే.

ఎండాక చూస్తే కొన్నిసార్లు ఆకాశంలో అంకెలు తేలుతుంటాయి. వెనక కాగితం మీద అచ్చు వేసిన ఫ్రేము నంబర్లు ఇన్నేళ్ల ఒత్తిడికి ఫిల్మ్ మీదకి దిగిపోయినవి. వాటిని కంప్యూటర్‌లో చెరిపేయమని కొందరు అడుగుతారు. ఒక కాపీలో చెరిపి ఇస్తాను, కానీ అసలు స్కాన్ అలాగే ఉంచమంటాను. ఆ రీలు ఎన్నాళ్లు మూసి ఉందో చెప్పేవి ఆ అంకెలే.

కలర్ రీళ్ల గురించి క్లుప్తంగా. ఇప్పుడు ల్యాబుల్లో ఉండే సి-41 పద్ధతి 1972లో వచ్చింది, దాని వేడి 37.8 డిగ్రీలు. దానికి ముందున్న సి-22 ఫిల్మ్ 24 డిగ్రీలకి తయారైంది. దాన్ని తెలియక ఇప్పటి మెషిన్‌లో వేస్తే జెలటిన్ కరిగి ఊడిపోవచ్చు, ఆ మెషిన్ కూడా పాడవుతుంది. కొడాక్రోమ్ అనే కొడాక్ వాళ్ల కలర్ స్లైడ్ ఫిల్మ్ సంగతి వేరే. దాని రంగులు ఫిల్మ్‌లో ఉండవు, కడిగేటప్పుడు చేర్చేవాళ్లు. ఆ పద్ధతి నడిపిన చివరి ల్యాబ్, అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని డ్వేన్స్ ఫోటో, 2010 డిసెంబర్ 30తో రీళ్లు తీసుకోవడం ఆపేసింది. ఇప్పుడు కొడాక్రోమ్ దొరికితే బ్లాక్ అండ్ వైట్‌లో కడగడమే దారి. వెనక ఉన్న నల్లటి పూత కొంచెం క్షారం కలిపిన నీళ్లలో మెత్తబరిచి తుడవాలి, లోపలి పసుపు పొర మిగిలిపోయి ఫిల్మ్ ముదురుగా వస్తుంది. అయినా మొహాలు వస్తాయి. నిజానికి నలభై ఏళ్లు దాటిన ఏ కలర్ నెగెటివ్ రీలునైనా నేను బ్లాక్ అండ్ వైట్‌లోనే కడగమంటాను. మూడు రంగుల పొరలూ మూడు వేగాలతో పాడవుతాయి కాబట్టి రంగులు ఎలాగూ సరిగ్గా రావు, వెండి మాత్రం ఎంతో కొంత నిలుస్తుంది. ఆ రంగు చూడాలన్న ఆశ వదులుకోవడం కష్టమని తెలుసు. బట్ట రంగు కంటే మనిషి మొహం ముఖ్యం అనుకుంటే నిర్ణయం తేలికవుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. 1950కి ముందు రోల్ ఫిల్మ్ నైట్రేట్ బేస్, అంటే తేలిగ్గా నిప్పంటుకునే పాత రకం ప్లాస్టిక్, మీద ఉండే అవకాశం ఉంది, సినిమా రీళ్లు 1951 దాకా. నైట్రేట్ మండటానికి బయటి గాలి అక్కర్లేదు, నీళ్లలో కూడా మండుతుంది. ఒక చిన్న రీలుతో అంత ప్రమాదం లేదు గానీ, హీటర్ పక్కన, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టడం అసలు వద్దు. డబ్బా తెరవగానే ఘాటు వాసన, జిగట, గోధుమరంగు పొడి కనిపిస్తే మూత పెట్టేసి ఫిల్మ్ ఆర్కైవ్‌కి ఫోన్ చేయండి. పెద్ద సినిమా రీలు అయితే ఇంట్లో ఉంచనే ఉంచొద్దు.

ఇక, ఫోటోలు వచ్చాక వచ్చే ప్రశ్న ఒకటుంది. అవి ఎవరివి? అమెరికన్ ఫోటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ 1984లో చనిపోయినప్పుడు ఆయన కడగకుండా వదిలిన రీళ్లు దాదాపు 2,500. ఆయన బతికి ఉంటే వాటిలో ఏవి బయటపెట్టేవాడో ఎవరికీ తెలియదు. వాటిని వేరేవాళ్లు కడిగి, వేరేవాళ్లు ఎంచారు. అది సరైన పనేనా అని ఇప్పటికీ వాదన నడుస్తుంది. మన రీళ్లలో అంత పేరున్నవాళ్లు ఉండరు, కానీ ప్రశ్న అదే. పాత సామాన్లలో కొన్న కెమెరాలో ఎవరో తెలియని కుటుంబం వస్తుంది. వాళ్ల పిల్లలు ఇప్పటికీ బతికే ఉంటారు. ఆ ఫోటోలు నెట్‌లో పెట్టేసి ‘చూడండి ఎంత బాగున్నాయో’ అనడం నాకు ఇష్టం ఉండదు. ఆచూకీ దొరుకుతుందేమో ముందు వెతకాలి. రీలు తెచ్చినవాళ్లదే అయినా, స్కాన్లు వాళ్ల ముందే తెరుస్తాను, ముందుగా ఒక్కణ్ణే కూర్చుని చూడను. అందులో ఏముంటుందో వాళ్లకీ తెలియదు. ఒకసారి ఒకాయన ముందు నెగెటివ్ లైటు బల్ల మీద పెట్టాను. నాలుగు ఫ్రేముల్లో మూడు ఖాళీ. నాలుగోదాంట్లో గుమ్మంలో నిలబడ్డ ఒక అబ్బాయి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండకి కళ్లు చికిలిస్తున్నాడు. మొహం సగం ఫాగ్‌లో పోయింది. ఆయన చాలాసేపు చూసి, ‘ఆ చొక్కా మా అన్నయ్యది, నాకు గుర్తుంది’ అన్నారు. ఆ చొక్కాకి జేబు దగ్గర చారలు ఉన్నాయి, అవి మాత్రం స్పష్టంగా వచ్చాయి.

చివరగా, టెస్ట్ ముక్కలో ఏమీ రాకపోతే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. రెండు ముక్కలు, రెండు రకాలుగా కడిగినా బొమ్మ ఆనవాలే లేకపోతే నేను మిగతా రీలు కడగను. చీకట్లోనే మళ్లీ నల్ల కాగితంలో చుట్టి, గాలి తీసేసిన కవర్లో పెట్టి, ఫ్రీజర్‌లో ఉంచుతాను. కవర్ మీద ఏ ఫిల్మ్, ఎవరు ఇచ్చారు, ఎన్ని సెంటీమీటర్లు కత్తిరించాను, ఏ మందులో ఎంతసేపు కడిగితే ఏం వచ్చింది, అన్నీ తేదీతో సహా రాస్తాను. ఎప్పుడైనా బయటికి తీస్తే గది వేడికి వచ్చేదాకా కవర్ తెరవకూడదు, లేకపోతే తేమ పట్టేస్తుంది. అలాంటివి మా ఇంట్లో ఫ్రీజర్‌లో ప్రస్తుతం మూడున్నాయి. ఇచ్చినవాళ్లు ఏడాదికోసారి అడుగుతుంటారు, ఉన్నాయని చెబుతుంటాను. ఈ 620 రీలు ముక్క రేపు పొద్దున కత్తిరిస్తాను. దీని కాగితం మీద అక్షరాలన్నీ ఇవాళ మధ్యాహ్నమే రాసుకున్నాను.